లెక్క చూసే అర్హత: పురానాపూల్‌కు ఈవలా, ఆవలా

బహదూర్‌పురాలో జూపార్కును వెనక వదిలి పురానాపూల్ వైపు నడిస్తే దుకాణాల మీది అంతస్తుల్లో శిక్షణాలయాల బోర్డులు కనిపిస్తాయి. టాలీ, జి.ఎస్.టి. రిటర్నులు, ఈ మధ్య ఎ.సి.సి.ఏ., అమెరికా సి.పి.ఏ. కూడా. బి.కాం. పట్టా చేతికొచ్చిన పిల్లలూ, వారి తండ్రులూ అడిగే ప్రశ్న ఒకటే: వీటిలో ఏదో ఒకటి పూర్తిచేస్తే ఆడిటు వృత్తిలోకి దారి దొరుకుతుందా? ప్రశ్న చిన్నదే. దాని వెనక మాత్రం ఒక కుటుంబం కూడబెట్టిన పొదుపు ఉంటుంది, తిరిగిరాని రెండు మూడేళ్ళ వయసు ఉంటుంది.

సలహా చెప్పేవారికి కొదవ లేదు. నేను చేయదలచినది వేరే పని. ఒకరి లెక్కను తెరచి, చదివి, ఇది సరి, ఇది సరికాదు అనే అధికారం మన ప్రాంతంలో ఎవరి చేతికి ఎప్పుడు ఎలా వచ్చిందో చూద్దామని. ఆ వరుస తెలిస్తే ప్రశ్నకు సగం జవాబు దానంతటదే వస్తుందని నా నమ్మకం. టపా కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఆడిటు అనే మాటకు మూలం లాటిన్‌లో 'వినడం' అన్న అర్థమిచ్చే ధాతువు. చదవడం రాని ప్రభువు ఎదుట గుమాస్తా లెక్క చదివితే విని తలూపేవాడు ఆడిటరు. మన వైపు ఈ పని జమాబందీ పేరుతో జరిగేది. ఏడాదికోసారి పై అధికారి మజిలీ చేసినచోట కరణాలు తమ కవిలెలు విప్పి చదివేవారు. ఇంకా వెనక్కి వెళితే కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అక్షపటలం ఉంది. గణకులు ఆషాఢంలో ముద్ర వేసిన లెక్కలతో అక్కడికి రావాలని, వచ్చినవారిని ఒకరితో ఒకరు మాట్లాడుకోనీయకూడదని నియమం. ఈ చివరి నియమాన్ని గుర్తుంచుకోండి. తనిఖీ చేయబడేవాడి చేతుల మీదుగా సాక్ష్యం రాకూడదన్న ఇంగితం అందులో ఉంది. ఇరవై ఒకటో శతాబ్దంలో హైదరాబాదులోనే ఈ ఇంగితం లోపించి ఎంత ముప్పు వచ్చిందో ముందు చెబుతాను.

కరణానికి అర్హత పుట్టుక. కోస్తాలో ఇంగ్లీషు దొరతనం వచ్చాక పుట్టుక పక్కన పరీక్షను కూడా నిలబెట్టారు. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ప్రకారం వారసుడైనంత మాత్రాన చాలదు, నిర్ణయించిన అర్హతలు కూడా ఉండాలి. అయినా వారసత్వం తొలగలేదు. పరీక్ష ఆ వారసత్వానికి వేసిన అతుకు. ఆ ఏర్పాటు అటూ ఇటూ మారుతూ 1984 జనవరి దాకా బతికి, ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సుతో ఒక్క వేటున పోయింది. కరణాల పాలన మీద మన సాహిత్యంలో కావలసినంత విసుగు నమోదై ఉంది గనుక ఆ జోలికి పోను.

నిజాం రాజ్యంలో సంగతి ఇంతకంటే ఆసక్తికరం, పైగా మన బహదూర్‌పురాకు కూతవేటు దూరంలోనిది. పందొమ్మిదో శతాబ్దం మధ్యదాకా రాజ్యపు రెవెన్యూ లెక్కలన్నీ రెండు దఫ్తరాల చేతిలో ఉండేవి, ఒకటి దఫ్తర్-ఎ-దీవానీ, రెండోది దఫ్తర్-ఎ-మాల్. దీవానీ దఫ్తరం రాయరాయాన్ బ్రాహ్మణ కుటుంబానిది. మాల్ దఫ్తరం కాయస్థులది, ఆ ఉద్యోగమే వారి ఇంటిపేరై 'మాల్‌వాలా'లు అయ్యారు. చార్మినార్ దగ్గర ఉండిన మాల్‌వాలా దేవిడిని చూసినవారు మనలో ఉండే ఉంటారు. వారసత్వ కట్టడాల జాబితాలో ఉండి కూడా 2000లో చాలావరకు నేలమట్టమైంది.

ఈ దఫ్తర్దార్లకు డిప్లొమాలు లేవు. వారికి ఉన్నది సియాఖ్. ఫారసీ లెక్కల్లో అంకెలకు బదులు అరబ్బీ సంఖ్యావాచకాలను కుదించి రాసే ప్రత్యేక లిపి అది. తెలియనివాడికి గొలుసుకట్టు గీతల్లా కనిపిస్తుంది. కొట్టివేసి దిద్దడానికి అంత సులువుగా లొంగదు కనుక మోసం జరగదని దాన్ని మెచ్చుకునేవారు. అయితే ఆ గుణానికి మరో పార్శ్వం ఉంది. చదవగలిగినవారు నగరంలో కొన్ని ఇళ్ళవారే. ఆ ఇళ్ళలో పిల్లవాడు తండ్రి పక్కన కూర్చుని, కలం చెక్కి ఇచ్చి, పాత కాగితాలు మళ్ళీ రాసి, ఏళ్ళ తరబడి నేర్చుకునేవాడు. బయటివాడికి ఎంత తెలివి ఉన్నా ఆ పక్క స్థానం దొరకదు. కాగితాలు కూడా దఫ్తర్దారు ఇంట్లోనే ఉండేవి. దీవాను తన రాజ్యపు ఆదాయమెంతో తెలుసుకోవాలంటే వారిని అడగాలి, వారు చెప్పింది వినాలి.

మొదటి సాలార్‌జంగ్ 1853లో దీవాను అయ్యేనాటికి ఖజానా అప్పుల్లో ఉంది. బేరారు ఆ ఏడాదే ఇంగ్లీషువారి అధీనంలోకి పోయింది. ఆయన 1883లో చనిపోయేదాకా ముప్పై ఏళ్ళలో చేసిన పనుల్లో రైళ్ళూ కాలేజీలూ అందరికీ తెలుసు. దఫ్తర్దార్ల చేతిలోని లెక్కలను ప్రభుత్వపు ఆవరణలోకి తేవడం మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోని పని. జీతం మీద పనిచేసే ఉద్యోగులు, జిల్లాల ఖజానాలు, పద్ధతి ప్రకారం వచ్చే నెలవారీ లెక్కలు. ఆయన పాత కుటుంబాలను అవమానించి వెళ్ళగొట్టలేదు. వారి గౌరవాలూ జాగీర్లూ వారికుంచి, పని మాత్రం మెల్లగా పక్కకు లాగేశాడు. రాజనీతి అంటే అదే కాబోలు.

అప్పుడు ఖాళీ అయిన చోటులోకి ఎవరు వచ్చారు? పరీక్ష రాసినవారు. ఇందుకు అక్బర్ హైదరీకి మించిన ఉదాహరణ లేదు. 1869లో బొంబాయిలో పుట్టి, సెయింట్ జేవియర్ కళాశాలలో చదివి, 1888లో భారత ప్రభుత్వపు ఫైనాన్సు శాఖలో చేరాడు. వేర్వేరు రాష్ట్రాల్లో ఖజానా లెక్కలు, తనిఖీలు చూశాడు. 1905లో అరువు మీద హైదరాబాదుకు అకౌంటెంట్ జనరల్‌గా వచ్చాడు. అంటే ఈ ఊరికి అడుగుపెట్టేనాటికి ఆయన చేతిలో పదిహేడేళ్ళ పని ఉంది. 1921లో ఆర్థికమంత్రి హోదాలో తిరిగివచ్చి, మరుసటి ఏడు నుంచి శాఖలవారీ కేటాయింపుల పద్ధతి పెట్టాడు. మూడేళ్ళకు ఇంత అని ప్రతి శాఖకూ ముందే ఒప్పందంలా నిర్ణయించి, మిగిల్చుకున్నది ఆ శాఖకే వదిలే ఏర్పాటు అది. 1930లో నిజాం గ్యారంటీడ్ రైల్వేను రాజ్యం కొనుక్కోగలిగిందంటే లెక్కలు అంత కుదుటపడ్డాయన్నమాట. చివరికి 1937 నుంచి 1941 దాకా ప్రధాని పదవి.

హైదరీ కథలో నాకు కనిపించే విశేషం ఆయన పదవులు కావు. ఉద్యోగంలో ప్రవేశించడానికి పరీక్ష పనికొచ్చింది. ఆ తర్వాత ఎక్కిన మెట్లలో ఒక్కటీ పరీక్ష వల్ల వచ్చింది కాదు. సియాఖ్ ఇళ్ళలో తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్నదేదో ఆయన ఖజానా కచేరీల్లో పై అధికారి పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. తేడా ఏమిటంటే ఆ పక్క స్థానానికి టికెట్టు ఈసారి పుట్టుక కాదు, పరీక్ష.

ఇక బ్రిటిషిండియా సంగతి. కంపెనీల లెక్కలకు ఆడిటరు ఉండాలన్న నియమం పందొమ్మిదో శతాబ్దంలోనే వచ్చినా, ఆ ఆడిటరు ఏం చదివి ఉండాలో చట్టం చెప్పలేదు. వాటాదారులు ఎవరిని నమ్మితే అతడే. 1913 నాటి కంపెనీల చట్టం మొదటిసారి గీత గీసింది. ప్రభుత్వపు సర్టిఫికెట్టు ఉన్నవారు, లేదా ప్రభుత్వం గుర్తించిన సంస్థల సభ్యులు మాత్రమే పబ్లిక్ కంపెనీల లెక్కలు తనిఖీ చేయాలి. గుర్తించిన సంస్థలంటే ఆచరణలో లండనువి. చార్టర్డ్ అకౌంటెంటు అనిపించుకోవాలంటే ఓడ ఎక్కి వెళ్ళి, అక్కడి ఏదైనా కచేరీలో ఏళ్ళ తరబడి ఆర్టికిల్డ్ గుమాస్తాగా ఉండాలి. ఎందరికి చేతనవుతుంది?

స్వదేశంలో ఒక దారి 1918లో బొంబాయిలో తెరుచుకుంది. దాని పేరు గవర్నమెంట్ డిప్లొమా ఇన్ అకౌంటెన్సీ, వాడుకలో జి.డి.ఏ. పరీక్షతో పాటు గుర్తింపు పొందిన అకౌంటెంటు దగ్గర మూడేళ్ళ శిక్షణ ఉండాలి. ఇది ఉన్నవారు దేశమంతటా ఆడిటు చేయవచ్చు. దీనికి దిగువన మరో తరగతి ఉండేది. రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే పరిమిత సర్టిఫికెట్లు, ఆ రాష్ట్రం గడప దాటితే చెల్లనివి. 1932లో ఆడిటర్ల సర్టిఫికెట్ల నియమావళి వచ్చి, ఇండియన్ అకౌంటెన్సీ బోర్డు ఏర్పడి, 'రిజిస్టర్డ్ అకౌంటెంట్' అనే బిరుదు పుట్టింది. పాత కంపెనీ నివేదికల అడుగున సంతకం కింద కనిపించే ఆర్.ఏ. అన్న పొడి అక్షరాల అర్థం ఇదే. జాతీయోద్యమ కాలంలో బందరులో పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. ఆ వెంటనే అక్కడే ఆంధ్రా ఇన్సూరెన్సు, భారతలక్ష్మీ బ్యాంకు వచ్చాయి. ఈ బిరుదులకు ఊళ్ళల్లో అవసరం పుట్టించినవి ఇలాంటి సంస్థలే.

మద్రాసులో ఆర్. శివభోగం అనే యువతి స్వదేశీ ఉద్యమంలో జైలుకు వెళ్ళివచ్చి, 1933లో జి.డి.ఏ. పరీక్ష నెగ్గింది. శిక్షణకు సి.ఎస్. శాస్త్రి దగ్గర చేరింది. దేశంలో తొలి మహిళా అకౌంటెంటు ఆమే. తరువాతి కాలంలో దక్షిణ భారత ప్రాంతీయ మండలికి అధ్యక్షురాలైంది కూడా. ఆమె కథలో కూడా కష్టమైన మలుపు పరీక్ష కాదని గమనించండి. 1930ల మద్రాసులో ఒక ఆడపిల్లను, పైగా జైలు చూసివచ్చిన పిల్లను, తన కచేరీలో ఆర్టికిల్డ్ గుమాస్తాగా కూర్చోబెట్టుకునే మనిషి దొరకాలి. శాస్త్రిగారు ఆ చోటు ఇవ్వకపోతే డిప్లొమా కాగితం ఇంటిగోడకు వేలాడేది.

1949 జూలై 1న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఏర్పడింది. తొలి అధ్యక్షుడు జి.పి. కపాడియా. మొదట్లో సభ్యులు పదిహేడు వందల మంది చిల్లర, ఇప్పుడు నాలుగు లక్షలు దాటారు. చిహ్నంలో గరుడపక్షి, అందరూ నిద్రిస్తుండగా మేల్కొని ఉండేవాడిని గురించిన కఠోపనిషత్తు మాట ఉన్నాయి. ఆడిటరుకు అంతకంటే తగిన మాట దొరకదని ఒప్పుకోవాలి, ఆచరణలో ఎంతమంది మేల్కొని ఉన్నారన్నది పక్కన పెడితే.

అదే కాలంలో హైదరాబాదులో రాజ్యమే మారుతోంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1950లో 'బి' తరగతి రాష్ట్రంగా భారత సమాఖ్యలో చేరిక. లెక్కల మనుషులకు ఆ రెండు మూడేళ్ళు ఎలా గడిచి ఉంటాయో ఊహించండి. రూపాయి వేరు: ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలు. సంవత్సరం వేరు: ఇక్కడి ఫసలీ అక్టోబరు తొలివారంలో ఆజూర్ నెలతో మొదలవుతుంది, అక్కడిది ఏప్రిల్‌లో. కచేరీ భాష ఉర్దూ, రానున్నది ఇంగ్లీషు. 1950 ఏప్రిల్ 1 నుంచి ఈ రాష్ట్రపు లెక్కలూ తనిఖీలూ భారత కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ అధీనంలోకి వెళ్ళాయి. ఉర్దూలో పద్దులు రాసి, ఫసలీ నెలల్లో ఆలోచించి, హాలీ సిక్కాల్లో కూడిన మనిషి ఒక ఉదయం లేచేసరికి తన నైపుణ్యంలో మూడు వంతులు చెల్లని నాణెమైంది. మరో విచిత్రం, ఉర్దూ మాధ్యమంలో విశ్వవిద్యాలయం కావాలని 1917లో ముసాయిదా రాసి ఉస్మానియాకు మూలపురుషుల్లో ఒకడైనవాడు లెక్కల మనిషి హైదరీనే. ఆయన వేసిన పునాది మీద పట్టాలందుకున్న తరం ఈ మార్పును నెత్తిన మోసింది. పాతబస్తీలో ఆ తరువాత రెండు తరాలపాటు గుమాస్తా కొలువుల మీద కనిపించిన నిస్పృహకు ఇది ఒక కారణమని నా అభిప్రాయం. రాజకీయ చరిత్రలు రాసేవారు ఎందుకో దీన్ని తడమరు.

చట్టం మాత్రం ఒక చిన్న దయ చూపింది. 1956 కంపెనీల చట్టం 226వ సెక్షను ఆడిటరు చార్టర్డ్ అకౌంటెంటే కావాలని చెప్పి, రెండో ఉపవిభాగంలో ఒక మినహాయింపు ఇచ్చింది. 'బి' తరగతి రాష్ట్రంలో 1951కి ముందు అమల్లో ఉన్న చట్టం కింద ఆడిటు సర్టిఫికెట్టు పొందినవారు కంపెనీలకు ఆడిటర్లుగా కొనసాగవచ్చు. మైసూరు, తిరువాన్కూరులతో పాటు హైదరాబాదు కూడా అటువంటి రాష్ట్రమే. ఈ వాక్యం 2013లో కొత్త చట్టం వచ్చేదాకా, దాదాపు ఆరు దశాబ్దాలు, పుస్తకంలో అలాగే ఉండిపోయింది. 'బి' తరగతి రాష్ట్రాలు 1956లోనే పోయాయి. వాటి ఆడిటర్లను గురించిన వాక్యం మాత్రం కాలేజీ పాఠ్యపుస్తకాల్లో తరతరాల విద్యార్థుల చేత వల్లె వేయబడుతూ వచ్చింది.

ఇక్కడినుంచి దారి రెండుగా చీలుతుంది, ఈ చీలిక తెలియకనే చాలామంది పిల్లలు డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఒకటి సర్కారీ ఆడిటు. సైఫాబాదులోని ఏ.జీ. ఆఫీసు దీనికి నిలయం. తెలుగు పాఠకులకు ఆ పేరు చెప్పగానే లెక్కలకంటే ముందు 'రంజని' గుర్తొస్తుంది. ఆ ఆఫీసు ఉద్యోగుల సాహితీ సంస్థ కుందుర్తి పేరిట వచన కవితకు బహుమతులిస్తూ ఎందరు కవులను వెలికితీసిందో! పొద్దంతా ఓచర్లు తిరగేసి, సాయంత్రం కవిత్వం తిరగేసినవారు. వారిని పద్దుల మనుషులుగా నిలబెట్టినది మాత్రం ఎస్.ఏ.ఎస్. పరీక్ష, సబార్డినేట్ అకౌంట్స్ సర్వీసుది. ఇది బయటివారికి కాదు. ముందు ఏదైనా పట్టాతో గుమాస్తాగా చేరాలి, తరువాత ఫైళ్ళ మధ్య కొన్నేళ్ళు గడిపి, కోడ్లూ మాన్యువళ్ళూ జీర్ణించుకుని, డిపార్టుమెంటు లోపల రాయాలి. గట్టి పరీక్షని పేరు, ఏళ్ళ తరబడి ప్రయత్నించినవారు ఉన్నారు. 1984 మార్చిలో ఆడిటునూ అకౌంట్సునూ వేరు ఆఫీసులుగా విడదీశారు, ఎవరెటు పోవాలో ఎంచుకోమన్నారు.

ఇప్పుడు మన ప్రశ్న ఈ దారిలో పెట్టి చూడండి. కేంద్రంలో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఆడిటరు పోస్టుకు అడిగేది ఏదో ఒక డిగ్రీ. అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసరు పోస్టుకు కూడా తప్పనిసరి అర్హత డిగ్రీయే. సి.ఏ., కాస్ట్ అకౌంటెన్సీ, కంపెనీ సెక్రటరీ, ఎం.కాం., ఫైనాన్సు ఎం.బి.ఏ. వంటివి 'ఉంటే మేలు' అన్న వరుసలో పేర్కొంటారు. నియామకం అయ్యాక ప్రొబేషనులో డిపార్టుమెంటు పరీక్ష నెగ్గాలి, ఎంతటి బిరుదున్నా సరే. పంచాయతీలు, మునిసిపాలిటీల లెక్కలు చూసే రాష్ట్ర ఆడిటు శాఖ (పాతవారి నోట లోకల్ ఫండ్ ఆడిటు) పోస్టులకు దారి సర్వీసు కమిషన్ పోటీ పరీక్ష. పాతబస్తీ పిల్లవాడికి ఈ దారిలో కావలసినది లక్షల ఫీజు కాదు, గ్రంథాలయంలో ఒక కుర్చీ, కొన్ని పాత ప్రశ్నపత్రాలు.

రెండోది కంపెనీల ఆడిటు. ఇక్కడ చట్టం వేరే మాట మాట్లాడుతుంది. 2013 చట్టం 141వ సెక్షను ప్రకారం చట్టబద్ధమైన ఆడిటు నివేదిక మీద సంతకం చేయగలిగినవాడు చార్టర్డ్ అకౌంటెంటు ఒక్కడే. కాస్ట్ ఆడిటు కాస్ట్ అకౌంటెంటుది, సెక్రటేరియల్ ఆడిటు కంపెనీ సెక్రటరీది. ఇవి ఎవరి పొలం గట్లు వారివి. అంతర్గత ఆడిటుకు మాత్రం 138వ సెక్షను కొంత వెసులుబాటు ఇచ్చింది, బోర్డు తగినవాడనుకున్న ఇతర వృత్తినిపుణుణ్ణి కూడా పెట్టుకోవచ్చు. కంప్యూటరు వ్యవస్థల తనిఖీకి సి.ఐ.ఎస్.ఏ., అంతర్గత తనిఖీకి సి.ఐ.ఏ. వంటి అంతర్జాతీయ బిరుదులకు విలువ ఉన్నది ఈ ఇరుకు సందులోనే. విదేశీ సంస్థలకు ఇక్కడినుంచి ఆడిటు పని చేసిపెట్టే పెద్ద కార్యాలయాలు గచ్చిబౌలి వైపు వెలిశాక ఎ.సి.సి.ఏ.కు, సి.పి.ఏ.కు కొలువులు పెరిగిన మాట నిజం. కాని అక్కడ చేసే పనికి చివరి సంతకం సముద్రం ఆవల ఉంటుంది.

సి.ఎఫ్.ఏ. విషయం ప్రత్యేకంగా చెప్పాలి, మన ఊరికి దానితో ఒక పాత లంకె ఉంది. 1984లో హైదరాబాదు కేంద్రంగా ఇక్ఫాయ్ ఏర్పడి, చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్ పేరుతో కోర్సు నడిపింది. అమెరికాలో అదే పేరుగల బిరుదు ఇచ్చే సంస్థ ఆ పేరు తమదని వాదించింది. తగవు ఢిల్లీ హైకోర్టుకు చేరి 2006లో మధ్యంతర ఉత్తర్వు దాకా వెళ్ళింది. ఆ ఇరవయ్యేళ్ళలో ఆంధ్రదేశమంతటా వేలాది ఇళ్ళలో 'చార్టర్డ్' అన్న ఒక్క మాటకు రెండు అర్థాలుండేవి. ఒకటి పెట్టుబడులను విశ్లేషించే విద్య, మరొకటి లెక్కలను తనిఖీ చేసే లైసెన్సు. మొదటిది మంచి విద్యే. వాటాల విలువ కట్టడం, బాండ్ల రాబడి గణించడం అందులో క్షుణ్ణంగా నేర్పుతారు. బ్యాంకుల్లో, మ్యూచువల్ ఫండ్లలో దానికి గౌరవం ఉంది. ఆడిటు నివేదిక మీద సంతకానికి మాత్రం అది ఒక్క అంగుళం కూడా దగ్గర చేయదు.

లైసెన్సు ఉన్నంత మాత్రాన మెలకువ ఉంటుందా? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన ఉత్తరం ఈ ప్రశ్నను ప్రపంచం ముందు పెట్టింది. నగదు, బ్యాంకు నిలవల్లో 5,040 కోట్లు లేనివి ఉన్నట్టు చూపామని అందులో ఒప్పుకున్నాడు. లెక్కలు చూసినది చిన్నాచితకా సంస్థ కాదు, ప్రైస్ వాటర్‌హౌస్. అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2011 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వులో అసలు కీలకం ఉంది. బ్యాంకులకు నిలవ ధ్రువీకరణ లేఖలు పంపడం, జవాబులు అందుకోవడం ఆడిటర్లు స్వయంగా తమ అదుపులో ఉంచుకోవాలి. ఆ పనిని వారు కంపెనీ యాజమాన్యానికే వదిలేశారు. లేఖ రాసి, కవరు అంటించి, తపాలాలో వేసి, జవాబు తమ చిరునామాకే వచ్చేలా చూడటం ఆర్టికిల్డ్ కుర్రవాడికి మొదటి ఏడాదిలో నేర్పే పని. కౌటిల్యుడి ముద్రవేసిన సంచి గుర్తొచ్చిందా? 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం దోషులుగా తేల్చిన పదిమందిలో ఇద్దరు ఆ ఆడిటర్లు. ఆ తర్వాత అప్పీళ్ళు నడిచాయి. సెబీ ఆ సంస్థపై 2018లో విధించిన నిషేధాన్ని మరుసటి ఏడు అప్పీలు ట్రిబ్యునల్ కొట్టివేసింది. ఆడిటర్లను పర్యవేక్షించే జాతీయ సంస్థ 2018 అక్టోబరులో ఏర్పడటానికీ, ఆడిటర్లను కాలపరిమితి మీద మార్చాలన్న నియమం రావడానికీ ఈ ఉదంతపు నీడ ఉంది. బిరుదుకు మించి మరో కాపలా అవసరమని చట్టమే ఒప్పుకున్నట్టు.

ఈ చరిత్రలో దఫ్తర్దారు ఇంటి పిల్లవాడికీ, హైదరీకీ, శివభోగానికీ, ఎస్.ఏ.ఎస్. రాసిన గుమాస్తాకూ ఉమ్మడిగా కనిపించేది ఒకటుంది. ఎవరో ఒకరు పక్కన చోటిచ్చారు. బహదూర్‌పురా పిల్లవాడికి అసలు గండం కూడా అక్కడే ఉంది. సి.ఏ. పరీక్ష ఫీజు ప్రైవేటు కోర్సుల ఫీజులతో పోలిస్తే తక్కువే. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఇంటర్మీడియెట్ రెండు గ్రూపులూ పూర్తయ్యాక రెండేళ్ళ ఆర్టికిల్‌షిప్పు, అంతకుముందు మూడేళ్ళు. ఆ కాలంలో వచ్చే భత్యం బస్సు చార్జీలకూ చాయకూ సరిపోతే గొప్ప. మంచి పని నేర్పే కచేరీలు ఎక్కువగా మూసీకి ఆవల ఉన్నాయి, ఆబిడ్స్, బషీర్‌బాగ్, సోమాజిగూడల్లో. ఇన్‌స్టిట్యూట్ శాఖ రెడ్‌హిల్స్‌లో. దూరం నాలుగైదు మైళ్ళే, కాని ఇంటర్వ్యూ గదిలో మాట్లాడవలసిన ఇంగ్లీషు, చెప్పుకోవలసిన పరిచయాలు మైళ్ళలో కొలవగలిగినవి కావు. ఇంట్లో పెద్దకొడుకు రెండేళ్ళు దాదాపు జీతం లేకుండా ఉండాలంటే ఆ ఇంటికి వేరే ఆసరా ఉండాలి. ఆసరా లేని పిల్లవాడు ఏం చేస్తాడు? ఆర్టికిల్‌షిప్పు అవసరం లేని కోర్సు వెతుక్కుంటాడు, శిక్షణాలయం బోర్డు వైపు తలెత్తి చూస్తాడు. బోర్డు వాడికి సర్టిఫికెట్టు అమ్ముతుంది. చోటు అమ్మదు, దాని దగ్గర లేదు కనుక.

కాబట్టి నన్నడిగితే వరుస ఇలా చెబుతాను. సంతకం చేసే ఆడిటరు కావాలనుకుంటే సి.ఏ. తప్ప మరో బిరుదు మీద పైసా పెట్టవద్దు. ఆసరా లేకపోతే సర్కారీ ఆడిటు పోటీ పరీక్షలు రాయాలి, అక్కడ జీతంతో నేర్పుతారు. నేటి దేశంలో జీతమిచ్చి ఆడిటు నేర్పే అతిపెద్ద పాఠశాల అదే. విదేశీ బిరుదులు, విశ్లేషణ బిరుదులు పనిలో కుదురుకున్నాక, యజమాని ఫీజు కట్టేటప్పుడు చదువుకోవచ్చు. ఇక పురానాపూల్ ఇవతల, హుస్సేనీ ఆలంలోనో కిషన్‌బాగ్‌లోనో, చిన్న కచేరీ నడుపుతున్న చార్టర్డ్ అకౌంటెంట్లు కొందరైనా ఉంటారు. వారి దగ్గర పెద్ద కంపెనీల ఆడిటు ఉండకపోవచ్చు. గాజుల వ్యాపారి స్టాకు లెక్క, తోళ్ళ గోదాము ఇన్వాయిసులు, ఒక సహకార సంఘం రసీదు పుస్తకం ఉంటాయి. రసీదు పుస్తకంలో వరుస తప్పిన సంఖ్యను పట్టుకోవడం అక్కడ నేర్చుకున్నవాడికి గచ్చిబౌలిలో కొత్తగా నేర్పవలసింది తక్కువ. అటువంటి కచేరీలు ఏటా ఇద్దరేసి పిల్లలకు బల్ల దగ్గర చోటిస్తే పాతబస్తీలో ఎన్ని బోర్డులు దిగిపోతాయో లెక్క వేయాలని ఉంది.